పురిటిగదిలో కెవ్వు

మాట సంగతి

లేబర్ రూములో కొత్తగా డ్యూటీ పడిన మీలాంటి అమ్మాయిలు నన్ను చూడటానికి వస్తే ముందు కాఫీ ఇస్తాను, తర్వాత ఒక ప్రశ్న వేస్తాను. "అరుపుకీ కెవ్వుకీ తేడా ఏమిటి?" అని. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. పెద్దావిడకి మతి తప్పిందనుకుంటారు కాబోలు. నేను నవ్వులాటకి అడగను. డెబ్బైల్లోనూ ఎనభైల్లోనూ కోనసీమలో చిన్న చిన్న సర్కారు ఆసుపత్రుల్లో పురుళ్ళు పోసినదాన్ని. ఆ ఉద్యోగం సగం చేతులతో చేశాను, సగం చెవులతో చేశాను. ప్రమోషన్లూ బదిలీలూ ఎవరికైనా ఉండేవే, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. చెవుల సంగతి మాత్రం చెప్పాలి.

తెలుగులో చప్పుళ్ళకి కరువు లేదు. నొప్పులు మొదలైన మనిషి మూలుగుతుంది. నొప్పి హెచ్చితే అరుస్తుంది. మొగుణ్ణో దేవుణ్ణో తిట్టాలనిపిస్తే కేక పెడుతుంది. ఇవన్నీ ఊపిరి తీసుకుని, తెలిసి చేసేవి. కెవ్వు అలాంటిది కాదు. దాన్ని ఎవరూ చెయ్యరు, అది వస్తుంది. సన్నగా, పదునుగా, ముందుగా చెప్పకుండా వచ్చి ఠక్కున ఆగిపోతుంది. విన్నవాడి ఒళ్ళు జలదరిస్తుంది. పాము మీద కాలు వేసినవాడు కెవ్వుమంటాడు. తల్లి కడుపులోంచి బయటపడ్డ బిడ్డ కూడా కెవ్వుమంటాడు. మన పెద్దవాళ్ళు ఈ రెంటికీ ఒకే మాట ఎందుకు పెట్టారో నాకు తెలియదు. రెండిట్లోనూ మనిషి తన ప్రమేయం లేకుండానే గొంతు విప్పుతాడు, అందుకేనేమో.

కీచు వేరు. నూనె లేని బావి గిలక కీచుమంటుంది, పాత రిక్షా చక్రం కీచుమంటుంది. మనిషి పిల్ల కీచుమంటే మాత్రం భయపడాలి. రాజోలు వైపు పనిచేస్తున్నప్పుడు ఒక చంటిబిడ్డని తీసుకొచ్చారు. ఏమైందమ్మా అని అడిగితే తల్లి, "పుట్టినప్పుడు కెవ్వుమన్నాడండి. నిన్నట్నించీ కీచుమంటన్నాడండి" అంది. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి బిడ్డ మాడు మీద చెయ్యి వేశారు. మాడు ఉబ్బి ఉంది. జబ్బు మెదడుకి పాకిందని ఆయన అప్పుడే చెప్పారు. ఉన్న మందులన్నీ వాడారు, బిడ్డ దక్కలేదు. ఆ తల్లి మాత్రం చెప్పాల్సింది సరిగ్గా చెప్పింది. రోగి మనుషులు ఏ మాట వాడారో ఆ మాటే వినండి. దాన్ని మీకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోకి మార్చి వినకండి.

వరండా

పురిటిగది తలుపు వేశాక బయట వరండాలో ఇంకో పురుడు జరుగుతూ ఉంటుంది. అత్తగారు, అమ్మ, మొగుడు, రిక్షావాడు, పక్క వార్డులో జ్వరంతో పడుకున్నవాడు, అందరూ కలిసి కంటారు. లోపల ఏం జరుగుతోందో వాళ్ళకి కనబడదు, అంతా వినికిడి మీదే. ప్రార్థన చేసేవాళ్ళు ప్రార్థన చేస్తారు. జాతకం పట్టింపు ఉన్న ఇళ్ళవాళ్ళు వాచీ ఉన్నవాణ్ణి తలుపుకి దగ్గరగా నిలబెడతారు, బిడ్డ కెవ్వుమన్న ఘడియ పట్టుకోవాలి కదా. మనం బయటికి రాగానే అడిగే మొదటి మాట మగా ఆడా అని కాదు. "కెవ్వుమందా అండీ?" అనే. ఆ చప్పుడు చెవిన పడిందంటే కొంగున కట్టుకొచ్చిన పంచదార బయటికొస్తుంది. కులం లేదు, మతం లేదు, వరండాలో ఎవరుంటే వాళ్ళ చేతిలో పోస్తారు.

ఒక చేపలమ్మే ఆవిడ కూతుర్ని పురిటికి తెచ్చింది. ఆ పిల్ల రిక్షా ఎక్కిన దగ్గర్నించీ దిగేదాకా బజారంతా వినేలా అరుస్తూనే ఉంది. పురిటి బల్ల మీదా అంతే. వాళ్ళమ్మ సిగ్గుపడలేదు సరికదా, "మా పిల్లది సంత గొంతండి, అరవనియ్యండి. అరిస్తే దానికి బలం" అంది. పావుగంటలో కనేసింది ఆ పిల్ల. తల్లి గొంతుకి బిడ్డ గొంతు తోడైతే మా చెవులు గళ్ళు పడ్డాయి. నా సర్వీసులో అంత నిశ్చింతగా చేసిన పురుడు ఇంకోటి లేదు. ఏ నిమిషానికి ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో ఆ గొంతే మాకు చెప్పింది.

పెద్ద సిస్టరుగారు

అమలాపురానికి తూర్పున ఒక ఆసుపత్రిలో పనిచేశాను. ఊరి పేరు చెప్పను, ఆ మనుషుల పిల్లలూ మనవలూ ఇంకా అక్కడే ఉన్నారు. అక్కడ నా పైన ఒక సీనియర్ నర్సు ఉండేవారు. అందరూ ఆవిణ్ణి పెద్ద సిస్టరుగారు అనేవారు. గంజిపెట్టిన తెల్లచీర, నడిస్తే చీరే ముందు చప్పుడు చేసేది. ఏడవని బిడ్డని ఏడిపించడంలో ఆవిణ్ణి మించినవాళ్ళని నేను చూడలేదు. నీలంగా, చేప పిల్లలా జారిపోతున్న బిడ్డని చేతిలో పట్టుకుని, నోట్లో నురగ తీసి, అరికాలి మీద మీటుతూ, "ఏడు నాయనా, ఏడు. ఇప్పుడేడిస్తే జీవితమంతా నవ్వుదువుగాని" అనేవారు. బిడ్డ కెవ్వుమనేవాడు. ఆవిడ మొహం విప్పారేది.

బిడ్డల గొంతు అంత ఇష్టమైన మనిషికి తల్లుల గొంతు అంటే గిట్టేది కాదు. నోరు తెరిచి అరిచిన మనిషి తొడ మీద ఒక్కటి వేసేవారు. "కాపురం చేసినప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?" అనేవారు. ఈ మాట ఆ రోజుల్లో చాలా ఆసుపత్రుల్లో వినపడేది, ఇప్పుడూ వినపడుతోందని మీరే చెబుతున్నారు. ఇంతకన్నా నీచమైన మాట మన వృత్తిలో ఇంకోటి లేదు. సీనియర్లు అన్నారని మీరు అనకండి.

ఆవిడ అలా ఎందుకు ఉండేవారో నేను చాలా ఆలోచించాను. ఆవిడా నేనూ ఒకలాంటి పేటల్లోంచే వచ్చాం. మా అమ్మలు పరాయివాళ్ళ చేలల్లో వరినాట్లు ఊడ్చినవాళ్ళు. మా పేటలో ఆడది కంటూ ఉంటే నాలుగు వీధులకి వినబడేది, దాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు. చదువుకుని, ఉద్యోగం చేసి, గారు అనిపించుకున్నాక ఆ అరుపు చెవిన పడితే ఆవిణ్ణి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉండేదేమో. ఇది నా ఊహే. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. పెద్దిళ్ళ ఆడవాళ్ళు వచ్చి పళ్ళ బిగువున కని వెళితే మాత్రం వారం రోజులు వాళ్ళని మెచ్చుకునేవారు.

అన్నపూర్ణ

ఒక వానాకాలం మధ్యాహ్నం అన్నపూర్ణ అనే ఆమెని తీసుకొచ్చారు. వేదం చెప్పుకున్న ఇల్లు. భర్త సుబ్రహ్మణ్యంగారు ప్రాథమిక పాఠశాలలో మేష్టారు. అత్తగారు కామేశ్వరమ్మగారు. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు, ఇది మూడో కానుపు. నొప్పులు ముందురోజు మొదలై సాగకపోతే ఊళ్ళో ఎవరో ప్రాక్టీసు చేసేవాడు నొప్పులు తెప్పించే ఇంజెక్షను పొడిచాడు. బిడ్డ ఎలా తిరిగి ఉందో, దారి సరిపోతుందో లేదో చూడకుండా ఆ ఇంజెక్షను చెయ్యడం మూసిన తలుపు మీదికి ఎద్దుని తోలడం లాంటిది. ఈ సంగతి మీకు తెలుసు. ఆ రోజుల్లో అది బజార్లో దొరికేది, ఎవరు పడితే వాళ్ళు చేసేవారు.

కామేశ్వరమ్మగారు కోడల్ని మాకు అప్పగిస్తూ, "మా కోడలు కిక్కురుమనదండీ. మొదటి రెండు పురుళ్ళూ పక్కింటివాళ్ళకి కూడా తెలియలేదు. మీకేం శ్రమ ఉండదు" అన్నారు. కోడల్ని మెచ్చుకోవడానికే అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. కోడలి తల నిమిరి, జడ విప్పి, నుదుట విభూతి పెట్టి లోపలికి పంపారు.

అన్నపూర్ణ నిజంగానే నోరు మెదపలేదు. బల్ల ఇనపకడ్డీ పట్టుకుని, పమిటచెంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు మాత్రం పెద్దవి చేసి పైకప్పు కేసి చూస్తూ ఉంది. నొప్పి నొప్పికీ మధ్య విరామం లేదు. నేను దగ్గరికి వెళ్ళి, "అరవండమ్మా, ఏం పర్వాలేదు" అన్నాను.

ఆమె చెంగు తీసి, "అత్తయ్యగారు బయట ఉన్నారండీ" అని, మళ్ళీ పెట్టుకుంది.

పెద్ద సిస్టరుగారు ఆమె భుజం తట్టి నాతో, "చూడు, ఆడదంటే ఇలా ఉండాలి" అన్నారు.

ఆ పూట ఆ గదిలో మేం ముగ్గురమే. ఇంకో పురిటి మనిషి లేదు. నేను మూలన సామాను సర్దుతూ ఉండగా అన్నపూర్ణ కెవ్వుమంది. ఒకే ఒక్కసారి. నా చేతిలో ట్రే జారిపోయింది. అది ఆమె గొంతని నమ్మడానికి నాకు క్షణం పట్టింది, ఎందుకంటే అంతవరకూ ఆమెకి గొంతు ఉన్నట్టే లేదు.

"హమ్మయ్య, ఇప్పటికి నోరు తెరిచింది. ఇంక వచ్చేస్తుంది, వేణ్ణీళ్ళు పట్రా" అన్నారు పెద్ద సిస్టరుగారు.

నీళ్ళ కోసం తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాను. సుబ్రహ్మణ్యం మేష్టారు వాచీ చూసుకుంటూ నవ్వుతున్నారు. కామేశ్వరమ్మగారు కొంగుముడి విప్పి, అందరి చేతుల్లోనూ పంచదార పోస్తున్నారు. "మా కోడలు అరవదు. అది బిడ్డ గొంతే. మగపిల్లాడి గొంతు" అంటున్నారు ఎవరితోనో. మేష్టారు నన్ను చూడగానే దగ్గరికి వచ్చి నా అరచేతిలో ఇంత పంచదార పోశారు. "ఎవరండీ, పిల్లా పిల్లాడా?" అన్నారు.

"ఇంకా కాలేదండీ" అన్నాను.

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. ఏదో అడగబోయారు. లోపల్నించి నీళ్ళేవని కేక వినబడింది. నేను వెళ్ళిపోయాను. చేతికి అంటుకున్న పంచదార కడుక్కుని, వేణ్ణీళ్ళతో లోపలికి అడుగుపెట్టాను.

అన్నపూర్ణ ప్రశాంతంగా ఉంది. కడ్డీ వదిలేసింది. "నొప్పి పోయిందండీ. హాయిగా ఉంది. కాసేపు పడుకుంటాను" అంది. నన్ను చూసి నవ్వింది కూడా. నాడి చూస్తే పరుగెడుతోంది. ఆ మాట చెబితే పెద్ద సిస్టరుగారు, "ఇంతసేపు ఓర్చుకుంది, అలిసిపోయింది. పడుకోనీ" అన్నారు. అప్పటికి నాకు తెలిసింది తక్కువ, ఆవిడ చూసిన పురుళ్ళు వందల్లో ఉంటాయి. కానీ కాసేపటికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. కడుపు మీద గొట్టం పెట్టి వింటే బిడ్డ గుండె వినబడలేదు. అప్పుడు ఆయాని డాక్టరుగారి కోసం పంపాం.

డాక్టరుగారు వచ్చి, "అరిచిందా ఏమన్నా?" అని అడిగారు.

"లేదండీ, చాలా ఓర్పుగా ఉంది" అన్నారు పెద్ద సిస్టరుగారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ మనసులో ఆ ఒక్క చప్పుడు లెక్కలోకి రాలేదు, అంతే.

"ఒక్కసారి కెవ్వుమందండీ. అక్కణ్ణించి నొప్పులు ఆగిపోయేయండి" అన్నాను నేను.

ఆయన కడుపు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశారు. గర్భసంచి చిరిగిపోయింది. ఎడతెగని నొప్పుల మధ్య ఒక్క కెవ్వు, ఆ వెనకే హాయి, దాని అర్థం అదేనని ఆయన నాకు తర్వాత చెప్పారు. బిడ్డ అప్పటికే లేడు. తల్లిని బతికించాలంటే ఆపరేషను చెయ్యాలి, దానికి కాకినాడ తీసుకెళ్ళాలి, కాకినాడకి గోదావరి దాటాలి. ఆసుపత్రి ఎర్ర కంబళి కప్పి జీపులో పడుకోబెట్టాం. నేను సెలైను సీసా ఎత్తి పట్టుకుని పక్కన కూర్చున్నాను. భర్త కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఎదుర్లంక రేవుకి చేరేసరికి లాంచీ అవతలి ఒడ్డున, యానాంలో ఉంది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. లాంచీ సగం దూరం వచ్చేసరికి అన్నపూర్ణ పోయింది. పోయేటప్పుడు కూడా చప్పుడు చెయ్యలేదు. లాంచీ వచ్చి ఒడ్డుకి ఆనింది, మనుషులు దిగారు, మేం జీపు వెనక్కి తిప్పుకున్నాం.

ఆ తర్వాత

పెద్ద సిస్టరుగారు ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. మర్నాడు ఒకామె బల్ల మీద గొల్లుమంటే అలవాటుగా చెయ్యి ఎత్తారు, ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి దించేసుకున్నారు. ఆ తర్వాత నేనున్నంతకాలం ఎవరినీ కొట్టలేదు. అరవమనీ అనలేదు. అరుపులు మొదలైతే కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. మంచి చేతులు, చెడ్డ అలవాటు, రెండూ ఆవిడవే. ఒకదానికోసం రెండోదాన్ని నేను దాచను.

మీకు చెప్పేది ఇదే. అరిచే మనిషి గురించి అంత భయపడకండి. ఆమె తన సంగతి తనే చెబుతోంది. నోరు మెదపని మనిషి పక్కన కూర్చోండి. ఆమె ఓర్పుని మెచ్చుకోకండి. ఆ మెప్పు కోసమే ఆమె నోరు కట్టేసుకుని ఉంటుంది, ఆ కట్టు తెంపుకుని ఒక్క కెవ్వు బయటపడిందంటే అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఉన్నది ఉన్నట్టుగా పై డాక్టరుకి చెప్పండి. నొప్పి ఎక్కువగా ఉందని రాసి ఊరుకోకండి.

కంబళి

కర్మలన్నీ అయ్యాక సుబ్రహ్మణ్యం మేష్టారు ఆసుపత్రికి వచ్చారు. గుండు మీద ఇంకా వెంట్రుకలు రాలేదు. చంకలో మా ఎర్ర కంబళి, ఉతికి మడత పెట్టినది. "ఎండ సరిగ్గా లేదండీ, అంచులు కాస్త తడిగా ఉంటాయి" అన్నారు. పిల్లలెలా ఉన్నారని అడిగాను. "మా అమ్మ దగ్గరున్నారండి. చిన్నది రాత్రిళ్ళు వాళ్ళమ్మ కోసం వెతుక్కుంటోంది" అన్నారు. కంబళి ఇచ్చేసినా వెళ్ళలేదు.

"సిస్టరుగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు పుట్టిన బిడ్డ ఎలా ఉన్నాడండీ?"

"ఏ బిడ్డండీ?"

"ఎవరి బిడ్డో నాకు తెలీదండి. మేం వరండాలో ఉండగా కెవ్వుమన్నాడే, వాడు. మా వాడేననుకుని వాచీ చూసుకున్నాను, పంచదార పంచేం. తర్వాత తెలిసింది మా వాడు కాదని. ఎవరి బిడ్డయితేనేం, వాడైనా బాగున్నాడని వింటే కాస్త నిమ్మళంగా ఉంటుందండి. అమ్మ కూడా అడిగి రమ్మంది."

బాగున్నాడండీ అని ఒక్క మాట అనేస్తే ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఈనాటికీ ఒక్కోసారి, అనేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. కానీ జన్మంతా నోరు మూసుకున్న ఆ ఇల్లాలు ఒకే ఒక్కసారి విప్పిన గొంతు అది. దాన్ని పుట్టని బిడ్డకి అంటగట్టడానికి నాకు మనసొప్పలేదు.

"ఆ పూట లోపల ఇంకెవరూ లేరండి" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత మెల్లిగా వరండాలో బల్ల మీద కూర్చున్నారు.

"అంటే ఆవిడేనా అండీ?"

"ఆయ్, ఆవిడేనండి."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని పురిటిగది తలుపు కేసి చూశారు.

"విన్నానండీ, బాగా విన్నాను," అన్నారు. "ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ గొంతు పైకెత్తడం నేనెప్పుడూ ఎరగనండి. అందుకే పోల్చుకోలేకపోయేను."